వీథికేక – గ్రామఫోను పాట

సంగీతము సభామందిరములందే పుట్టునని మనలోఁ బెక్కండ్ర తలంపు. క్యూబా ద్వీపపు ‘ప్రెగోన్’ ఆ తలంపు తప్పని చూపుచున్నది. ప్రెగోన్ అనఁగా వీథులఁ దిరిగి సరకు లమ్మువాని పాటకేక. పండ్లో, వేరుసెనగలో మోసికొని పోవు బేరగాఁడు మేడమీఁది యిల్లాలికి వినఁబడుటకై యక్షరములను సాగఁదీయును. తన సరకును గుర్తించుటకై తనదగు వరుస నొకటి కల్పించుకొనును. అతనికి జీవనావసరమే గురువు.

ఇట్టి కేకనుండియే మోయిసేస్ సిమోన్స్ ‘ఎల్ మానిసేరో’, అనఁగా ‘వేరుసెనగల వాఁడు’, అను పాటను గట్టెను. 1930కి ముందే రీతా మోంటనేర్ దానిని గ్రామఫోను కెక్కించెను. 1930లో న్యూయార్కునందు డాన్ అస్పియాసు బృందముతో ఆంటోనియో మాచిన్ పాడిన రికార్డు దేశదేశముల మ్రోగెను. పాటయందలి గుణము స్పష్టము. పొట్లమెడు వేరుసెనగలు తినక నిద్రింపవలదని యిల్లాలిని హెచ్చరించుట, ఇదిగో పోవుచున్నానని తొందరపెట్టుట, ఇవి నిజమైన కేక లక్షణములే. అయినను దోష మొకటి చెప్పక తీఱదు: అమ్ముడుపోని సరకుతో నింటికి మరలువాని దిగులు ఇందు లేదు.

ఆ దిగులు కల్పితము కాదు. 1968లో క్యూబా ప్రభుత్వము చిల్లర వ్యాపారములను స్వాధీనపఱచుకొనఁగా వీథికేకలు చాలవఱ కణఁగెను. 1993లో స్వంతవృత్తులకు అనుమతి విరివి కాఁగా మరల వినవచ్చెను. నేఁడు కొందఱు కేకను ముందే పట్టి యంత్రముచే వినిపించుచున్నారు. ఈ మార్పులలోఁ బాటకు లోపమేమియుఁ గలుగలేదు. కష్టమంతయుఁ గేక వేసినవానిదే. పాటను మెచ్చి, దానికి మూలమైన మనుష్యుని మఱచినచో, ఆ మెప్పు సగమే యని మేము తలంచుచున్నాము.