మన ఊరి కరెంటుకు తగ్గ ఎస్ఎంపీఎస్

గేమింగ్ కంప్యూటరు అసెంబుల్ చేయించుకుంటామని కుర్రాళ్లు తెచ్చే లిస్టులన్నీ ఒకే తీరుగా ఉంటాయి. పైన గ్రాఫిక్స్ కార్డు, దాని కింద ప్రాసెసరు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, రంగుల లైట్ల క్యాబినెట్టు. అట్టడుగున, మిగిలిన డబ్బులకు సరిపడే ఎస్ఎంపీఎస్, అంటే వీటన్నిటికీ కరెంటు అందించే డబ్బా. కొందరైతే ఆ వరసే రాయరు. "క్యాబినెట్‌తో పాటే వచ్చిద్ది గదన్నా" అంటారు. ఆ కాగితాన్ని కింది నుంచి పైకి చదవడం నాకు అలవాటు.

క్యాబినెట్‌తో వచ్చే డబ్బా మీద 450 అని పెద్దక్షరాలుంటాయి. చదవాల్సింది పక్కనున్న చిన్నక్షరాల పట్టిక. ప్లస్ 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు రాశారో చూసి 12తో గుణించండి. ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు వాడుకునే కరెంటు దాదాపు అంతా ఆ లైన్లోంచే రావాలి. అక్కడ 14 ఆంపియర్లని ఉంటే మీ చేతికొచ్చేది 168 వాట్లే. మిగతాదంతా 3.3, 5 వోల్టుల లైన్ల పేరున చూపించిన లెక్క, గేమింగుకు అక్కరకు రాదు. నాణ్యమైన 550 వాట్ల ఎస్ఎంపీఎస్‌లో అదే గడిలో 45 ఆంపియర్లుంటాయి. అంటే 540 వాట్లు.

ఇక మనకు కావలసిందెంత? మొదటిసారి కొనేవాళ్లు మొన్నటిదాకా ఎక్కువగా అడిగిన ఆర్‌టీఎక్స్ 4060 కార్డు 115 వాట్లు తీసుకుంటుంది. మామూలు ఆరు కోర్ల ప్రాసెసరుకు ఎనభై, తొంభై. ఫ్యాన్లు, బోర్డు కలిపినా 250 దగ్గర ఆగుతుంది. అయినా ఎన్విడియా ఆ కార్డుకు 550 వాట్ల ఎస్ఎంపీఎస్ ఉండాలంటుంది. ఎందుకంటే కార్డు కరెంటును నిలకడగా తీసుకోదు, సెకనులో వెయ్యో వంతు సేపు ఒక్కసారిగా గుంజుతుంది. ఆ గుంజుడుకు తట్టుకునే జాగా ఉండాలి. అంతమాత్రాన 850 కొనాలని భయపెట్టేవాళ్ల మాట వినక్కర్లేదు.

80 ప్లస్ ముద్ర గురించీ ఓ మాట. బ్రాంజ్, గోల్డ్ అనేవి గోడలోంచి తీసుకున్న కరెంటులో ఎంత వృథా కాకుండా కంప్యూటరుకు చేరుతుందో చెప్పేవి. ఆ పరీక్ష జరిగేది 23 డిగ్రీల గదిలో. మే నెలలో మన గదిలో అంత చల్లదనం ఏసీ ఉంటేనే. పైగా అది భద్రతకు హామీ కాదు. 2021లో గిగాబైట్ కంపెనీ గోల్డ్ ముద్ర ఉన్న 750, 850 వాట్ల మోడళ్లు పరీక్షల్లో పేలిపోయాయి. లోడు మించితే ఎస్ఎంపీఎస్‌ను ఆపేసే ఓవర్ పవర్ ప్రొటెక్షన్‌ను, రాసిన వాట్లకు 120 నుంచి 150 శాతం దాకా వదిలేశారు. గొడవయ్యాక కంపెనీ దాన్ని 110, 120 మధ్యకు దించి, పాతవి మార్చిస్తామంది. కాబట్టి ముద్ర చూసి ఆగిపోకుండా, ఆ మోడల్‌ను విప్పి పరీక్షించినవాళ్లు ఏం రాశారో, అక్షరం తేడా లేని అదే మోడల్ పేరుతో వెతికి చదవాలి. అయిదేళ్ల వారంటీ లేనిదాన్ని నేనైతే లిస్టులోంచి కొట్టేస్తాను.

ఇదంతా సికింద్రాబాద్ సీటీసీలో కొనేవాడికీ పనికొచ్చేదే. మన కనిగిరిలో అదనంగా చూడాల్సింది గోడలోంచి వచ్చే కరెంటు.

బోర్ల మోటార్లన్నీ ఆడే వేళ చుట్టుపక్కల పల్లెల్లో వోల్టేజీ పడిపోతుంది. బల్బయితే మసకబారి ఊరుకుంటుంది. ఎస్ఎంపీఎస్ అలా ఊరుకోదు, తన వాట్లు తనకు కావాలి కనుక వోల్టేజీ తగ్గినకొద్దీ ఆంపియర్లు ఎక్కువ లాగుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది. అందుకే లేబుల్ మీద ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టులని రాసి ఉన్నదే తీసుకోండి, 200 నుంచి మొదలయ్యేది వద్దు. 100 నుంచి మొదలయ్యేదానికి వేరే స్టెబిలైజర్ అక్కర్లేదు. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునేలోపు ఎస్ఎంపీఎస్ నిలబడేది పదహారు, పదిహేడు మిల్లీసెకన్లు. ఇన్వర్టర్ మీద యూపీఎస్ మోడ్ అని చిన్న స్విచ్ ఉంటే అటు వేయండి, లేదంటే ఆట మధ్యలో మెషిన్ రీస్టార్టవుతుంది. ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్‌దైతే మేలు.

అన్నిటికంటే నాకు బెంగ ఎర్తింగ్ గురించి. పామూరు రోడ్డు వైపు ఒకాయన కొత్త మెషిన్ క్యాబినెట్ మీద వేళ్లు ఆనించి, "షాకేం గాదులేవయ్యా, జివ్వుమంటంది అంతే" అన్నాడు. వెనక్కెళ్లి చూస్తే ప్లగ్గు మూడో పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్లో దూర్చారు. ఎస్ఎంపీఎస్ లోపల ఫిల్టర్‌లో రెండు చిన్న కెపాసిటర్లుంటాయి. అవి కాస్త కరెంటును ఇనప డబ్బాకు వదులుతాయి, అది మూడో పిన్ను గుండా భూమిలోకి పోవాలి. ఆ దారి లేకపోతే డబ్బా మీద 230లో సగం వోల్టేజీ నిలుస్తుంది. చాలా స్వల్పమైన కరెంటు కనుక జివ్వుమని వదిలేస్తుంది. రేపు లోపల ఫేజ్ తీగే డబ్బాకు తగిలితే మాత్రం పోవడానికి మిగిలే దారి పిల్లవాడి ఒళ్లే.

సాకెట్లో మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. ఎలక్ట్రీషియన్‌తో మీటరు పెట్టించండి. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య ఎంతుందో ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య దాదాపు అంతే ఉండాలి. మన రాతి నేలలో, ఎండిన గుంటలో ఎర్త్ పనిచేయదు, ఉప్పు, బొగ్గు పొరలతో పాటు తడి కావాలి. తాగునీళ్లకే ట్యాంకర్ కోసం చూసేచోట ఎర్త్ గుంటకు బిందెడు నీళ్లంటే నవ్వుతారనుకోండి, గిన్నెలు కడిగిన నీళ్లయినా చాలు.

కేబుళ్లు ఊడదీసే రకం కొంటే దానితో వచ్చినవే వాడాలి. వేరే కంపెనీ కేబుల్ ఆ రంధ్రంలో సరిగ్గా కూర్చున్నా, పిన్నుల వరస వేరైతే ఎస్ఎస్‌డీని కాల్చేస్తుంది. పాడైన ఎస్ఎంపీఎస్‌ను మాత్రం ఇంట్లో విప్పొద్దు. ప్లగ్గు పీకాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్లో 300 వోల్టులు దాటిన డీసీ కాసేపు ఉంటుంది.

మంచి 550 వాట్లదానికి నాలుగైదు వేలవుతుంది. డబ్బు చాలకపోతే లైట్ల క్యాబినెట్ మానేసి మామూలుది తీసుకోండి. కార్డు బుక్ చేసేముందు ఎలక్ట్రీషియన్‌ను ఒకసారి ఇంటికి పిలవండి.