యుద్ధకాలంలో విశ్వవిద్యాలయ ధర్మం

విద్యకు ఎల్లలు లేవన్న మాట శాంతికాలంలో ఎవరైనా చెప్పగలరు. ఎల్లల మీద తుపాకులు మోగుతున్నప్పుడే ఆ మాట విలువ తేలుతుంది. 2020 నాటి జాతీయ విద్యావిధానం భారతదేశం తిరిగి ‘విశ్వగురు’ స్థానం పొందాలని, తక్కువ ఖర్చుతో నాణ్యమైన విద్య ఇచ్చి విదేశీయులను ఆకర్షించాలని చెప్పింది. వారిని చేర్చుకొనే ప్రతి ఉన్నత విద్యాసంస్థలో వారి కొరకు ప్రత్యేక కార్యాలయం ఉండాలన్నది. ఆశయం మంచిదే. కాని ఆ విద్యార్థి స్వదేశం యుద్ధంలో చిక్కుకుంటే అతని గతి ఏమిటన్న ప్రశ్న ఆ అధ్యాయంలో లేదు. ఆ లోపం చిన్నది కాదు.

విశాఖపట్నం ఈ ప్రశ్నను పరాయిదిగా చూడజాలదు. ఒకవైపు గోపాలపట్నం సమీపాన నౌకాదళ విమానకేంద్రం, మరొకవైపు రేవు. ఈ రెంటి నడుమ బ్రతికే జనానికి యుద్ధం కేవలం పత్రికావార్త కాదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు ఈ పట్టణంపై బాంబులు వేశాయి. ఆ యుద్ధకాలంలోనే వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలవలసి వచ్చింది. మరో ఊరు చోటిచ్చినందువల్లనే దాని చదువు సాగింది. ఒకనాడు తానే ఆశ్రయం పొందిన సంస్థకు ఆశ్రయం విలువ ఎవరూ బోధించనక్కరలేదు.

ఇస్లామీ ధర్మశాస్త్రంలో ఇందుకు ‘అమాన్’ అనే స్పష్టమైన సూత్రం ఉంది. అమాన్ అనగా అభయం. శత్రువర్గం నుండి వచ్చి ఆశ్రయం కోరినవానికి దైవవాణి వినే అవకాశమిచ్చి, ఆపై అతనిని సురక్షిత స్థలానికి చేర్చాలని దివ్య ఖుర్‌ఆన్ తొమ్మిదవ సూరా ఆరవ ఆయత్ ఆదేశిస్తుంది. వినిపించడంతో బాధ్యత తీరదు, క్షేమంగా చేర్చడంతోనే తీరుతుంది. మక్కా విజయం నాడు హజ్రత్ ఉమ్మె హానీ (రజి) అభయమిచ్చిన వారికి దైవప్రవక్త (స) తామూ అభయమిచ్చారు. పాలకుడే కాదు, సామాన్య విశ్వాసి కూడా అమాన్ ఇవ్వవచ్చునని ధర్మశాస్త్రవేత్తలు చెప్పారు.

ఇస్లామీ అంతర్జాతీయ న్యాయాన్ని ఆధునిక ప్రపంచానికి పరిచయం చేసినవారిలో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధించిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ ముఖ్యులు. 1948లో హైదరాబాదు సంస్థాన ప్రతినిధివర్గంతో వెళ్లిన ఆయన, సంస్థానం భారత యూనియన్‌లో కలిశాక ఫ్రాన్సులోనే ఉండిపోయారు. అక్కడి పరిశోధనా సంస్థ చోటివ్వగా దశాబ్దాలపాటు కృషి చేశారు. తాను శోధించిన ధర్మం చివరకు తనకే అవసరమైంది.

ఇటీవలి చరిత్ర ఏమంటోంది? 2021 ఆగస్టులో కాబూల్ తాలిబాన్ల వశమైనప్పుడు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అఫ్ఘాన్ విద్యార్థులు చదువుతున్నారు. అదే నెలలో, దేశం వెలుపల ఉన్న అఫ్ఘాన్ పౌరులకు అంతకుముందు ఇచ్చిన వీసాలను భారత ప్రభుత్వం రద్దు చేసింది. కోవిడ్ కాలంలో ఇంటికి వెళ్లిన పలువురు విద్యార్థులు అటే చిక్కుకున్నారు. 2022లో ఉక్రెయిన్ నుండి తెలుగు వైద్య విద్యార్థులు ప్రాణాలు దక్కించుకొని ఇల్లు చేరారు. ప్రభుత్వం వారిని విమానాలలో తీసుకురావడం ప్రశంసనీయం. అయితే ఇక్కడి కళాశాలల్లో చేర్చుకోవడానికి చట్టం అనుమతించదని అదే ఏడు సెప్టెంబరులో కేంద్రం సుప్రీంకోర్టుకు తెలిపింది. ప్రవేశపరీక్షల న్యాయం, విద్యాప్రమాణాలు తేలికగా తీసివేయదగినవి కావు, నిజమే. కాని ప్రాణం దక్కినవాని చదువు నడిదారిలో నిలిచిపోతే అభయం సగమే అందినట్లు.

వీసా ప్రభుత్వం చేతిలోనిది, విశ్వవిద్యాలయం ఏమి చేయగలదని కొందరు అడుగుతారు. ఈ వాదంలో కొంత సత్యం ఉన్నది, కాని దానిచాటున బాధ్యతను దాచలేము. పరీక్ష తేదీ ఎవరి చేతిలోనిది? రుసుము గడువు, వసతిగృహంలో గది, పరిశోధనకు మరొక సంవత్సరం, చేరవలసిన చోటికి చేరే ధ్రువపత్రం ఎవరి చేతిలోనివి? కోవిడ్ రోజుల్లో దూరాన ఉన్నవారికి పాఠం చెప్పిన సంస్థలు యుద్ధం రోజుల్లో చెప్పలేవా? ఒక సామాన్య స్త్రీ ఇచ్చిన అభయం చెల్లినప్పుడు, వేలమంది పండితులున్న సంస్థ తన పరిధిలో ఇవ్వగల అభయం చెల్లకపోదు.

కావున విదేశీ ఒడంబడిక ప్రతిదానిలో ఒక షరతు చేరాలి: యుద్ధం వచ్చినా విద్యార్థి పేరు జాబితా నుండి తొలగదు. ఆ ఒక్క వాక్యం లేనిదే ‘విశ్వగురు’ అన్న బిరుదుకు అర్థం లేదు.