ఇరవై గజాల విల్లు, రెండొందల గజాల రైఫిల్

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో తెల్లతోక జింకల వేటకు రెండు ముఖ్యమైన సీజన్లున్నాయి. విల్లు పట్టేవాళ్లకు సెప్టెంబరు మధ్యలో మొదలై జనవరి దాకా సాగుతుంది. తుపాకీ పట్టేవాళ్లకు అసలు సీజన్ నవంబరు చివర్లో తొమ్మిది రోజులే. ఇది తెలియగానే చాలామంది ఓ తీర్పుకి వచ్చేస్తారు: విల్లుది విద్య, రైఫిల్‌ది యంత్రం అని. అందులో సగమే నిజం. కష్టం రెండింటిలోనూ ఉంది, ఉన్న చోటే వేరు. విలుకాడికి జింక దగ్గరికి చేరడమే కష్టం. రైఫిల్ వేటగాడికి, దూరాన కనిపిస్తున్న జింకను కొట్టవచ్చా లేదా అని తేల్చుకోవడం కష్టం.

ఈనాటి అమెరికన్ విల్లువేట వెనక ఒక ఆదివాసీ, ఒక డాక్టరూ ఉన్నారు. 1911 ఆగస్టులో కాలిఫోర్నియాలోని ఓరోవిల్ ఊరికి యాహి తెగకు చెందిన ఇషి ఒంటరిగా వచ్చాడు. వలసొచ్చిన తెల్లవాళ్ల దాడుల్లోనూ, ఆకలితోనూ అతని తెగ అంతా తుడిచిపెట్టుకుపోయింది. శాన్‌ ఫ్రాన్సిస్కోలో విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఉంటూ 1916లో క్షయతో చనిపోయేలోపు, శాక్స్‌టన్ పోప్ అనే సర్జన్‌కు అతను విల్లు చెయ్యడం, వేటాడడం నేర్పాడు. జూనిపర్ కర్ర వీపున జంతువుల నరం అతికించి విల్లు చేసేవాడు. నల్లటి అగ్నిశిలనో, దొరికితే సీసా పెంకునో చెక్కి ములుకులు చేసేవాడు. వేటకు ముందు చేప ముట్టడు, పొగ తాగడు. వాగులో మునిగి వాసనాకులు ఒంటికి రుద్దుకునేవాడు. చూసేవాళ్లకిది మడిలా అనిపించవచ్చు గానీ, జింక ముక్కు సంగతి ఎరిగినవాడి జాగ్రత్త కూడా ఇందులో ఉంది. పోప్ 1923లో ‘హంటింగ్ విత్ ది బో అండ్ యారో’ అనే పుస్తకం రాశాడు. 1934లో విస్కాన్సిన్‌లో విలుకాళ్లకు ప్రత్యేక సీజన్ మొదలైంది.

విల్లువేటలో అసలు పని బాణం వదలడానికి చాలాముందే జరిగిపోతుంది. జింకలు ఏ దారిన మేతకు వెళ్తాయో, ఎక్కడ పడుకుంటాయో రోజుల తరబడి జాడ తీయాలి. ఆ దారి పక్కన చెట్టు మీద పదిహేను, ఇరవై అడుగుల ఎత్తున మంచె కట్టుకోవాలి. గాలి తన మీదుగా జింక వైపు వీస్తుంటే ఆరోజు మంచె ఎక్కకపోవడమే మేలు. చిటికెడు పౌడరు ఎగరేసి గాలివాలు చూసుకునేది అందుకే.

జింక ఇరవై గజాల్లోకి వచ్చాక అసలు చిక్కు మొదలవుతుంది. రైఫిల్‌వాడికి వేలు కదిపితే చాలు. విలుకాడు చెయ్యి ఎత్తాలి, నారి లాగాలి, అదీ జింక కంట పడకుండా. దాని తల చెట్టు చాటుకి వెళ్లిన క్షణంలోనే లాగాలి. లాగాక అది అక్కడే నిలబడిపోతే, భుజాలు వణుకుతున్నా పట్టుకునే ఉండాలి. గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు జానెడే. అదీ జింక అడ్డంగా నిలబడినప్పుడో, కొంచెం అటు తిరిగి ఉన్నప్పుడో మాత్రమే బాణానికి అందుతుంది. ఎదురుగా నిలబడి చూస్తుంటే బాణం వదలకూడదు.

బాణానికి వేగం తక్కువ. ఆధునికమైన విల్లు నుంచి కూడా సెకనుకు 280 అడుగుల చొప్పున వెళ్తుంది. శబ్దం వేగం సుమారు 1,100 అడుగులు. ముప్పై గజాల దూరానికి బాణం చేరేసరికి సెకనులో మూడో వంతు పడుతుంది. నారి చప్పుడు అంతకు చాలాముందే జింక చెవిన పడుతుంది. బెదిరిన జింక పరుగుకోసం ఒళ్లు కిందికి కుదించుకుంటుంది, బాణం దాని వీపు మీదుగా పోతుంది. దూరం అంచనాలో ఐదారు గజాలు తేడా వచ్చినా బాణం బెత్తెడు పైకో కిందికో పడుతుంది.

తగిలాక కూడా పని అయిపోదు. బాణం కోతతో, రక్తం పోవడం వల్ల చంపుతుంది. జింక కొంత దూరం పరుగెత్తుతుంది. వెంటనే వెంటపడితే ఇంకా దూరం పారిపోతుంది కాబట్టి కనీసం అరగంట ఆగాలి. ఆకుల మీద నెత్తురు నురగతో ఎర్రగా ఉంటే ఊపిరితిత్తులకు తగిలినట్టు. ముదురు రంగైతే కాలేయం. పచ్చటి జీర, దుర్వాసన ఉంటే పేగులు. అప్పుడు గంటల తరబడి ఆగాలి.

రైఫిల్ లెక్క వేరు. 1906 నాటి .30-06 తూటా ఇప్పటికీ అక్కడ జింకల వేటలో వాడుకలో ఉంది. అది గొట్టం నుంచి సెకనుకు 2,800 అడుగుల వేగంతో బయటికొస్తుంది, అంటే బాణానికి పదింతలు. జింక చప్పుడు వినేలోపే తూటా తగిలిపోతుంది. అంతమాత్రాన గురి దానంతటదే కుదరదు. సీజనుకు ముందే కాగితం మీద కాల్చి స్కోప్ సరిచూసుకోవాలి. ఊపిరి సగం వదిలి, ట్రిగ్గర్‌ని గుంజకుండా నెమ్మదిగా నొక్కాలి. పేలుడుకు ముందే భుజం బెదిరితే గురి చెడుతుంది. గంటకు పదహారు కిలోమీటర్ల అడ్డగాలి మూడొందల గజాల దగ్గర తూటాను దాదాపు జానెడు పక్కకి తోస్తుంది.

వీటన్నిటికన్నా పెద్ద బరువు, ఆ తూటా ఆగే చోటు. గురి తప్పితే నాలుగైదు కిలోమీటర్ల దాకా పోగలదు. జింక వెనక మట్టిగట్టు ఉందా, ఆకాశమే ఉందా చూడకుండా కాల్చకూడదు. దిబ్బ మీద జింక నిలబడి కనిపించిందంటే వెనక ఏముందో తెలియనట్టే. తుపాకీ సీజనులో వేటగాళ్లు మెరిసే నారింజ లేదా గులాబీ రంగు కోట్లు వేసుకోవాలని చట్టం చెప్పేది కూడా ఈ భయంతోనే. ఆ రంగు మనిషి కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, జింక కంటికి అలా కనిపించదు.

ఈ రెండింటి మధ్య గీత ఇప్పుడు కొంత చెరిగింది. మిస్సోరికి చెందిన హోలెస్ అలెన్ 1969లో కాంపౌండ్ విల్లుకు పేటెంట్ పొందాడు. దాని కొసల్లో కప్పీలుంటాయి. డెబ్బై పౌండ్ల విల్లు పూర్తిగా లాగాక చేతిమీద పడే బరువు పదిహేను పౌండ్లకు అటూ ఇటూ ఉంటుంది. మన విజయవాడ విలుకత్తె వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది ఈ రకం విల్లుతోనే. ఆ పోటీల్లో లక్ష్యం 50 మీటర్ల దూరాన ఉంటుంది. కానీ గురిచట్రం ఉలిక్కిపడదు, వాసన పట్టదు. అందుకే అంత దూరం కొట్టగలిగిన విలుకాళ్లు కూడా అడవిలో ఆ దూరానికి బాణం వదలడానికి వెనకాడతారు.

మనదేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం, ఉండాల్సిందీ అలాగే. అమెరికాలో తోడేళ్లు చాలాచోట్ల లేకుండా పోవడంతో, జింకల మందలు పెరిగిపోకుండా వేటే అదుపు చేస్తోంది. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం తుపాకుల మీద, తూటాల మీద వసూలయ్యే పన్ను డబ్బును వన్యప్రాణుల రక్షణకు మళ్లించింది. విల్లమ్ముల్ని 1970లలో ఆ పన్ను కిందికి తెచ్చారు. సెప్టెంబరులో విల్లు, నవంబరులో రైఫిల్ పట్టే వేటగాళ్లు చాలామందే ఉన్నారు. విల్లు వాళ్లకు నేర్పే గాలివాలు, జాడ, ఓపిక రైఫిల్ పట్టినప్పుడూ పనికొస్తాయి. మూడొందల గజాల నుంచి అనుమానంగా కాల్చే బదులు, వంద గజాల దాకా చప్పుడు లేకుండా నడిచి వెళ్లడం అలాంటివాడికి చేతనవును. చేరలేకపోతే తుపాకీ దించేసి ఇంటికెళ్లడమూ చేతనవును. విలువిద్యను బతికించుకోవడానికి ఆ ఒక్క కారణం చాలు.