బడి బయట అలిఫ్, బడి లోపల అ

బడి బయట చదువు చెప్పేవాళ్లను బడి గురించి ఎవరూ అడగరు. తెల్లవారి అలిఫ్ బే చెప్పే హజ్రత్‌నీ అడగరు, రాత్రిపూట కూలి ఆడవాళ్లతో అక్షరాలు దిద్దించిన వలంటీర్‌నీ అడగలేదు. మేము అడగదలచాం. బడి పిల్లను రిజిస్టర్‌లోకి ఎక్కిస్తుంది. ఆ పిల్ల బతుకును పాఠంలోకి రానిస్తుందా?

రానిస్తే ఏమవుతుందో మా నెల్లూరు జిల్లా చూసింది. 1990ల మొదట్లో అక్షరదీపం తరగతుల్లో సారా మీద పాఠం చదివిన దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. 1992లో ఉద్యమం ఊరూరా పాకినప్పుడు ముఖ్యమంత్రి మా వాకాడు మనిషే, నేదురుమల్లి జనార్దనరెడ్డి. అక్షరదీపం వెలిగించింది సర్కారే, సారా పాటలు పాడించిందీ సర్కారే. ఆయన దిగిపోయాక, 1993 అక్టోబర్‌లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ ఆడవాళ్లకు పాఠంలో తమ ఇల్లే కనబడింది. అందుకే అది పుస్తకంలో ఆగలేదు.

మరి మా ఇల్లు ఏ పాఠంలో ఉంది? ముస్లిం పిల్లలు చదువులో వెనకబడితే 'మదరసాలకు పంపుతారు గదా' అని తేల్చేస్తారు. 2006 నాటి సచార్ కమిటీ నివేదిక చూడండి. బడి వయసు ముస్లిం పిల్లల్లో మదరసాల్లో చదివేది నూటికి ముగ్గురో నలుగురో. కానీ 6-14 ఏళ్లవాళ్లలో పావు వంతు మంది బడి మొహం చూడనివాళ్లు, లేదా మధ్యలో మానేసినవాళ్లు. మసీదు పక్క మక్తబ్‌కు పొద్దునో సాయంత్రమో గంటసేపు పోయొచ్చే పిల్ల పగలు బడి మానేస్తే, తప్పు ఆ గంటదా?

అలాగని మక్తబ్‌ను నెత్తిన పెట్టుకోలేం. ఖురాన్ పలకడం నేర్పుతారు, అర్థం చాలాచోట్ల చెప్పరు. అర్థం కాని చదువు బడిలో తప్పయితే మసీదు వసారాలో ఒప్పెలా అవుతుంది? ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల పిల్లకు అలిఫ్ ఎంత దూరమో, ఉర్దూ మాట్లాడే పిల్లకు బడి తెలుగు అంత దూరం. వాకాడు తీరాన వేటకు పోయే ఇంటి పిల్లకు మాత్రం ఆ పుస్తకం దగ్గరా?

బడి వద్దని మేము అనడం లేదు. బడి లేకపోతే ముందు నష్టపోయేది మా ఆడపిల్లలే. 2009 విద్యాహక్కు చట్టం బడిలో చోటును హక్కు చేసింది. పాఠంలో చోటు మాటేమిటి?