645 అర్థాలు ఎవరి లెక్క?

ఇంగ్లిషులో అన్నిటికన్నా ఎక్కువ అర్థాలున్న మాట ఏదంటే క్విజ్ పోటీల్లో చాలాకాలం ‘సెట్’ అనేవారు. 20 సంపుటాలుగా 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ రెండో కూర్పులో ఆ క్రియకు 430 అర్థాలున్నాయి. 2011లో జవాబు మారింది. మూడో కూర్పు కోసం పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడు తొమ్మిది నెలలు కూర్చుని ‘రన్’ క్రియకు 645 అర్థాలు తేల్చాడు. ఇంగ్లిషు ఎంత సంపన్నమైన భాషో అని ఈ అంకె చూసి ముక్కున వేలేసుకునేవాళ్లున్నారు. నాకు మాత్రం అందులో మాట గొప్ప కన్నా లెక్కకట్టినవాడి పనితనమే ఎక్కువ కనిపిస్తుంది. అర్థాలు కోసి లెక్కపెట్టడానికి చెట్టున కాసిన కాయలు కావు.

ఆ నిఘంటువుకు జేమ్స్ మర్రే 1879లో సంపాదకుడయ్యాడు. ఎక్కడెక్కడి పాఠకులో జీతం బత్తెం లేకుండా పుస్తకాలు చదివి, మాట కనబడిన వాక్యాన్ని చిన్న చీటీ మీద ఎత్తిరాసి పంపేవారు. 1884లో మొదటి భాగం అచ్చయింది. 1915లో మర్రే పోయాడు. మొదటి కూర్పు పూర్తయ్యేసరికి 1928 వచ్చింది. చీటీల పక్కన కంప్యూటరు చేరినా అసలు పని మారలేదు: ఉదాహరణలు ముందేసుకుని పోగులు పెట్టడం. ముక్కు కారినా ‘రన్’ అంటారు, నది పారినా ‘రన్’ అంటారు. ద్రవం కదలడమే కదా అని రెంటినీ ఒకే పోగులో వేయవచ్చు. నది విషయంలో పారేది నదే, ముక్కు విషయంలో కారేది ముక్కు కాదు, చీమిడి. కనుక వేరు అనీ వాదించవచ్చు. రెండూ సబబే. కలిపే స్వభావం ఉన్నవాడి చేతిలో 645 సగానికి పడిపోవచ్చు, విడదీసేవాడి చేతిలో వెయ్యి దాటవచ్చు.

అలాగైతే నిఘంటువంతా సంపాదకుడి ఇష్టారాజ్యమేనా అని అడగవచ్చు. గీత ఎక్కడ గీయాలన్నది అతని నిర్ణయమే గాని, గీతకు అటూ ఇటూ ఉన్న వాక్యాలు అతను పుట్టించినవి కావు. ఆ నిర్ణయానికీ పరీక్షలున్నాయి. మన ‘ఆడు’నే తీసుకోండి. సినిమా ఆడుతుంది, ఊపిరాడదు, కంగారులో కాలూ చెయ్యీ ఆడవు, అబద్ధమూ ఆడతాం. ‘ఆ సినిమా, నా ఊపిరి రెండూ ఆడలేదు’ అంటే వినేవాడు నవ్వుతాడు. అర్థాలు రెండనడానికి ఆ నవ్వే రుజువు. ‘కాలూ చెయ్యీ ఆడలేదు’ అంటే ఎవరూ నవ్వరు. శ్లేషలో ఆరితేరిన మన కవులకు ఈ కిటుకు కొత్తది కాదు.

మాటకు సొంత బలం లేదని నేననడం లేదు. ‘రన్’ వాడుక నిజంగానే పెరిగింది. 1755 నాటి తన నిఘంటువులో ‘టేక్’కు 134 అర్థాలిచ్చిన శామ్యూల్ జాన్సన్ కాలానికి ఆవిరి రైలు లేదు, కంప్యూటర్ ప్రోగ్రామ్ సంగతి సరేసరి. ఇవన్నీ ఇంగ్లిషులో ‘రన్’ అయ్యేవే. అయినా 430ని 645తో పోల్చడం తప్పుడు పోలిక. 1989 కూర్పులోని ‘సెట్’ చాలావరకు మొదటి కూర్పు నుంచి వచ్చిన పాత రాత. 2011 నాటికి దాన్ని కొత్త పద్ధతిలో తిరగరాయనే లేదు. పోటీ పడినవి రెండు మాటలు కావు, రెండు కాలాల సంపాదకత్వాలు.

‘పట్టు’, ‘పడు’, ‘కొట్టు’ అర్థాల లెక్క మన నోటికి రాకపోవడానికీ కారణం ఇక్కడే ఉంది. 1936 నుంచి వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువు కావ్యాల నుంచి ఉదాహరణలు ఇచ్చింది గాని వాడుకమాటను గడప దాటనివ్వలేదు. సేద్యగాళ్ల నోట విని భద్రిరాజు కృష్ణమూర్తి కూర్చిన మాండలిక వృత్తి పదకోశం 1962లో వచ్చింది. అది వృత్తిపదాల కోశం. ‘పడు’ లాంటి క్రియ సంగతి తేల్చడం దాని పని కాదు. రోజువారీ తెలుగు వాక్యాలను అంత ఓపికతో పోగులు పెడితే మన అంకెలూ చిన్నవేం కావు. మొదట ‘పరుగు’ దగ్గర ఆగాలి. సిక్సర్ కొడితే ఎవరూ పరిగెత్తనక్కర్లేదు, పత్రికలో మాత్రం 6 పరుగులు. వైడ్ పడినా ఒక పరుగే. ఇది ‘రన్’ వెంట వచ్చిన అర్థమే అయినా ఇప్పుడు మనదే. దీన్ని కాళ్లతో తీసే పరుగు కింద ఇరికించడం కుదరదు, వేరే అంకె వేయాల్సిందే.