మకరిపట్టుకు లెక్క యెంత?

బల్లచుట్టును నలుగురైదుగురు గూర్చుండి, ఒక్కొక్కరు ఒక్కొక్క వీరుని వేషమును మాటలతోనే ధరించి, ఇరువది ముఖముల పాచికను దొర్లించి జయాపజయములను తేల్చుకొను ఆట యొకటి, 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిద్దఱు అమెరికనుల చేతిమీదుగా డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను పేరుతో అచ్చుపడి, సముద్రములు దాటి, ఇప్పుడు హనుమకొండలోని మా మేడమీది గదికిని వచ్చి చేరినది. ఆదివారము సాయంకాలములందు ఇంజనీరింగును వైద్యమును చదువుకొను పిల్లలు కొందఱు వత్తురు. జీవితమంతయు పద్యము చెప్పి బ్రదికిన నావంటి విశ్రాంతోపాధ్యాయుని వారు డంజన్ మాస్టరుగా, అనగా కథ నడపుటకును తగవు తీర్చుటకును ఒక్కడే యైన పెద్దగా, కూర్చుండబెట్టుకొన్నారు. ఈ పదవిలో కత్తిపోటు వలన నా కెన్నడును చిక్కు రాలేదు. పాచిక వేయుట, ఎదిరి కవచపు టంకెతో పోల్చుట, తగిలినచో వాని ప్రాణపు టంకెలోనుండి దెబ్బను తీసివేయుట, అంతటితో సరి. "నేను వాణ్ణి పట్టుకుంట సార్" అని యెవరేని అన్నప్పుడు మాత్రము ఆట నిలిచిపోవును, పుస్తకములు తెఱచుకొనును, చాయ చల్లాఱిపోవును.

లోపము పుస్తకములదే యనుటకు వీలులేదు. దెబ్బ క్షణికము, తగిలిన మఱుక్షణమున దాని ప్రసంగము ముగిసినట్లే. పట్టు నిలుకడ గలది. నిలిచినంతసేపును ఇరువురి స్థితిని మార్చుచుండును, ఇరువురి ఊపిరిని తినుచుండును. ఆటలోని కాలమో, ఆఱేసి సెకనుల తునుకలుగా తెగియుండి, ఎవరి వంతు వచ్చినపుడు వారు మాత్రమే కదలునట్టిది. తునుకల కాలములో నిలుకడగల క్రియను ఇముడ్చుటకు యాబదియేండ్లుగా ఆ నియమకర్తలు పడిన పాట్లు చదువువారికి కొంత వినోదమును, ఆడించువారికి కొంత తలనొప్పిని కలిగించును.

1979లో గైగాక్స్ వ్రాసిన డంజన్ మాస్టర్స్ గైడులో పిడిగుద్దులకును, మల్లబంధమునకును, మీదబడి కూలద్రోయుటకును వేఱువేఱు పట్టికలు, శాతపు పాచికలు, కూడికలు, తీసివేతలు ఎన్ని కలవనగా, వానిని తేల్చులోపల పట్టుబడినవాడు ఇల్లు చేరి భోజనము చేసి రాగలడు. 2000లో వచ్చిన మూడవ కూర్పు దీనిని మెట్లుగా దిద్దెను: పట్టబోవువాడు మొదట ఎదిరికి ఒక దెబ్బ కొట్టు అవకాశము నిచ్చుకొనవలెను, పిమ్మట వానికి చేయి తాకింపవలెను, ఆపై నిరువురును పాచికలు వేసి బలము తూచుకొనవలెను, గెలిచినవాడు ఎదిరి నిలిచిన గడిలోనికి తానును చొరవలెను, దేహప్రమాణమున ఒక్కొక్క తరగతి భేదమునకు నాలుగేసి అంకెలు హెచ్చుతగ్గులగును. విసుగు పుట్టించు విధానమే గాని, అందులో నొక సత్యము గలదు. పట్టినవాడును పట్టుబడినవానితోపాటు చిక్కుకొనును. చుట్టునున్న తక్కిన శత్రువులకు, తన ఒడుపు కోల్పోయి, సులభముగా దొరకును.

2014నాటి అయిదవ కూర్పు ఈ మెట్లన్నిటిని ఊడ్చివేసి, ఒక చేయి ఖాళీగా నుండవలెననియు, ఎదిరి తనకంటె ఒక తరగతికి మించి పెద్దవాడు కారాదనియు మాత్రము చెప్పి, ఇద్దఱిని ఒక్కసారి పాచికలు వేయుమన్నది. సమానముగా పడినచో పూర్వస్థితియే నిలుచును గనుక, సమబలుల నడుమ పట్టబోవువాడు గెలుచుట 100కు 47.5 పాళ్లు, అయిదంకెల ఆధిక్యము గలవానికి 70 పాళ్లు. గెలిచెనా, ఎదిరి నడక శూన్యము. వానిని మఱల క్రిందికి త్రోసినచో, నడక లేనివాడు లేవజాలడు గనుక, ప్రక్కనున్నవారందఱు వానిని యథేచ్ఛగా మోదవచ్చును. మా కుఱ్ఱవాండ్రకు మిక్కిలి ప్రీతికరమైన యుక్తి యిదియే. 2024నాటి దిద్దుబాటులో పోటీ పాచిక పోయి, తప్పించుకొనువాడు మాత్రమే వేయునట్లయినది. పట్టుబడినవాడు తన్ను పట్టినవానిని విడిచి ఇతరులను కొట్టబోయినచో తడబడునట్లు కూడ చేసిరి. ఇది మంచి మార్పే. పట్టినవానికి మాత్రము ఈ రెండింటను చెప్పదగిన నష్టమేమియు లేదు: ఒక చేయి, ఎదిరిని ఈడ్చుకొనిపోవునపుడు కొంత నడక, అంతే. నాకు రుచింపనిది ఇచ్చటనే.

బాల్యమున మా యూరి తాలీంఖానాలో కుస్తీ చూచినవాడను గనుక నా కీ పట్టుదల. మెత్తగా త్రవ్విన ఎఱ్ఱమట్టిలో ఇద్దఱు పహిల్వానులు నుదురుకు నుదురు ఆనించి, ఒకని యఱచేయి రెండవవాని మెడవెనుక వేసి నిలుచుందురు. చూచువారికి ఏమియు జరుగుచున్నట్లే తోపదు. దగ్గఱకు పోయి చూచినచో, మడమలు మట్టిలో అంగుళమంగుళముగా దిగుచుండుట, మెడనరము లేచి పడుచుండుట, ముందుగా నోరు తెఱచి ఊపిరి పీల్చినవాని వంక గురువుగారి చూపు మరలుట కానవచ్చును. అప్పుడు ఎవడేని మూడవవాడు వచ్చి వారిలో నెవ్వని వీపునైనను తాకగలడు; ఇద్దఱిలో ఒక్కనికిని వెనుదిరుగు స్వాతంత్ర్యము లేదు. భారతమున భీమజరాసంధుల ద్వంద్వము దినములతరబడి సాగినపుడు, జరాసంధుడు అలసెనని కనిపెట్టినవాడు పోరుచున్న భీముడు కాడు, ప్రక్కన నిలిచి చూచుచున్న కృష్ణుడు.

ఈ విద్య మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. కాకతీయులు కల్యాణ చాళుక్యులకు సామంతులై అనుమకొండ నేలుచున్న దినములలోనే, ఆ చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు తన మానసోల్లాసమున మల్లవినోదమని యొక ప్రకరణమే వ్రాసి, మల్లులను వయస్సును దేహమును బలమును బట్టి తరగతులు చేసి, వారి వ్యాయామమును ఆహారమును సైతము విధించెను. తరగతులు లేక మల్లబంధము లేదని ఆ రాజునకును, మూడవ కూర్పు వ్రాసినవారికిని ఒకే రీతిగా తోచుట నా కబ్బురము గొల్పును. తరువాతి కాలపు ఓరుగల్లు వీథులను చూపిన క్రీడాభిరామమున పొట్టేళ్ల పోరును కోడిపందెమును గలవు; అవి దెబ్బల యాటలు, అయిదవ కూర్పువారికి ఏ కష్టమును కలిగింపనివి.

ఆ మధ్య నొక ఆదివారము వైద్యము చదువు అమ్మాయి, తన వీరాంగన డాలును జాఱవిడిచి, వంతెనమీద పాఱిపోవుచున్న దొంగలనాయకుని మెడ ఒడిసిపట్టినదని ప్రకటించెను. పాచికయు ననుకూలించెను. నాయకుని భటులిద్దఱు బల్లెములతో సమీపమున నున్నారు. వారి వంతు రాగానే, ఆమె రెండు కాళ్లును ఒక్కని కాళ్లతో పెనవేసుకొనియున్నవి గనుక వారు రెండేసి పాచికలు వేసి పెద్దదానిని గైకొందురని నేనంటిని.

"బుక్కుల గట్ల లేదు గద సార్! నేను పట్టిన గని, నన్నెవరు పట్టలే."

"అమ్మా, వాడు నీ చేతిలో నున్నాడు సరే, నీ చేయి యెక్కడ నున్నది?"

ఆమె కొంచెముసేపు పాచికను అఱచేతిలో త్రిప్పుచు ఆలోచించి, "అయితె వాణ్ణే అడ్డం పెట్టుకుంట" అనెను. పుస్తకములో లేని మాటయే గాని పహిల్వానుకు తగిన మాట. ఒక బల్లెము తప్పినచో నాయకునికే తగులునని ఒప్పుకొంటిని. రెండవది తప్పెను, తగిలెను, ఆట మఱియొక గంట రసవత్తరముగా సాగెను. పట్టినవాడు కొంత చెల్లింపవలసివచ్చినప్పుడే పట్టవలెనా విడువవలెనా అను విచికిత్స పుట్టును. ఆ విచికిత్స లేనిచో అది పాచికలాట గాని పోరాటము గాదు.

నా యీ చాదస్తమునకు అసలు మూలము మా ప్రాంతపు కవియే. బమ్మెర పోతనామాత్యుని గజేంద్రమోక్షముకంటె దీర్ఘమైన పట్టు తెలుగున వేఱొకటి నాకు తెలియదు: సరస్సున జలక్రీడకు దిగిన ఏనుగు కాలిని మొసలి పట్టెను, వేయేండ్లు విడువలేదు. దీనిని 2014నాటి పుస్తకముతో ఒకనాడు మేము లెక్కించితిమి. మొసలి కఱచినచో పట్టు దానంతటదే కుదురును. విడిపించుకొనుటకు 12 రావలెను. ఏనుగు బలమునకు ఆఱంకెలు కలియును గనుక పాచికపై 6 పడిన చాలును, అనగా ప్రతి వంతునందును 100కు 75 పాళ్లు. మూడు వంతులు వరుసగా ఓడుట 64లో ఒక్కసారి. మూడు వంతులనగా పదునెనిమిది సెకనులు. అంతకంటె విపరీతము, ఆ పుస్తకమున మొసలి ప్రాణము 19, ఏనుగు దంతపు పోటు సగటున 19. ఆ లెక్కలో భాగవతమున అష్టమస్కంధమునకు వ్రాయదగిన పద్యములు మిగులవు.

పోతన యెఱిగినదియు పుస్తకమెఱుగనిదియు రెండు విషయములు. నీరు మొసలికి బలము, ఏనుగునకు బలహానియని మొదటిది. దినదినమును ఒకటి పెరుగుచుండ రెండవది తఱుగునని రెండవది. పుస్తకమున నీటిలో ఆయుధము వేయుటకు ఆటంకము గలదు గాని, పట్టు విడిపించుకొనుటకు లేదు. అలసటయు లెక్కకు రాదు. అందుచేత మా గదిలో రెండు నియమములు చేర్చుకొన్నాము: పట్టినవాని తావున చిక్కినవాడు రెండు పాచికలు వేసి చిన్నదానినే గైకొనవలెను, తప్పిన ప్రతిసారియు విడిపించుకొను అంకె ఒకటి పెరుగును. ఇంజనీరింగు కుఱ్ఱవాడు దీనిని లెక్కకట్టి, మొదటి వంతులోనే 75 పాళ్లు 56కు దిగుననియు, పోనుపోను ఏనుగునకు ఆశ యుడుగుననియు చెప్పెను. దంతము సంగతి మాత్రము ఇంకను తెగలేదు. మొసలి ప్రాణపు టంకెను పెంచుటకు నేను సమ్మతింపలేదు, వేయేండ్లు నిలుచునట్లు పెంచినచో అది మొసలి కాదు, పర్వతము.

ముగింపు విషయమున వివాదము రాలేదు. పట్టినది నిశ్చేష్టమైనచో పట్టు తానే వదలునని పుస్తకముననే యున్నది. విష్ణుచక్రము మకరి తల నఱికినంతనే ఏనుగు కాలు విడివడుట దానికి అక్షరాల ఒప్పును. వివాదమంతయు మొఱను గూర్చి వచ్చెను. తన వంతులో నాలుగు మాటలు పలుకుటకు ఖర్చేమియు లేదని నియమము. గజేంద్రుడో, పద్యము వెంట పద్యము చెప్పెను. ఆఱు సెకనులలో ఎన్ని యిముడునని అమ్మాయి అడిగెను.

"వెయ్యేండ్ల సంది పట్టుకునే ఉన్నది గద సార్, వంతుకో పాదం చదువుకున్నా సరిపోతది" అని ఇంజనీరింగు కుఱ్ఱవాడు.

అది న్యాయముగనే తోచి, వంతునకొక పాదమని తీర్పిచ్చితిని. సీసపద్యమునకు మాత్రము ఎత్తుగీతిని వేఱుగా లెక్కింపవలెనని చెప్పితిని.