పాఠంలో ఉండాలి, పండుగలో కాదు

"అమెరికాను కనుగొన్నది ఎవరు?" అనే ప్రశ్నకు "కొలంబస్" అని రాసిన పిల్లలకు మేము మార్కు వేస్తూనే ఉన్నాం. ఆ మాటలో నిజమెంతో ఇప్పుడైనా చూడాలి.

1492 అక్టోబరు 12న కొలంబస్ దిగిన బహామా దీవికి అప్పటికే పేరుంది. అక్కడి జనం దాన్ని గ్వానహాని అనేవారు. ఆయన సాన్ సాల్వడార్ అని మార్చాడు. ఇండియా వైపు దీవులకు చేరాననుకుని ఆ జనాన్ని ఇండియన్లు అన్నాడు. మా గుట్టలకు, వాగులకు మేము పిలిచే పేరొకటి, రికార్డులకెక్కిన పేరొకటి. అందుకే ఈ సంగతి మాకు తొందరగా అర్థమవుతుంది. మనుషులు బతుకుతున్న నేలను ఇంకొకరు 'కనుగొన్నారు' అంటే, ఆ మనుషులను లెక్కలోకి తీసుకోలేదనే.

నావికుడిగా కొలంబస్ నేర్పరి. పోయేటప్పుడు ఒక గాలి, వచ్చేటప్పుడు మరో గాలి ఆసరాతో అట్లాంటిక్ దాటాడు. దాన్ని కాదనం. కానీ ఆయన చేసింది ఓడ నడపడం ఒక్కటే కాదు.

1492 క్రిస్మస్ నాడు ఆయన ఓడ సాంటా మరియా ఇప్పటి హైతీ తీరంలో చిక్కుకుపోయింది. తైనో తెగ పెద్ద గ్వాకనగరీ మనుషులే పడవలేసుకొచ్చి సామాను ఒడ్డుకు చేర్చారు. కొన్నాళ్లకే అదే దీవిలో, బంగారం దొరికే చోట 14 ఏళ్లు దాటిన ప్రతి తైనో మూడు నెలలకోసారి బంగారం కట్టాలని కొలంబస్ పన్ను వేశాడు. 1495లో సుమారు 500 మందిని బానిసలుగా స్పెయిన్‌కు ఓడలెక్కించాడు. దారిలోనే 200 మంది దాకా చనిపోయారు.

"ఆ కాలం అలాంటిది" అని కొందరు సర్దిచెబుతారు. ఆ కాలంలోనే, 1511లో, అదే దీవిలో మోంటెసినోస్ అనే క్రైస్తవ సన్యాసి, ఏ హక్కుతో వీళ్లను బానిసలను చేశారని తోటి స్పెయిన్ వాళ్లనే చర్చిలో నిలదీశాడు. అన్నిటికన్నా ముందు, తైనోలు కూడా ఆ కాలపు మనుషులే కదా! వాళ్ల తీర్పు ఎవరు అడిగారు?

అమెరికాలోని బర్క్‌లీ నగరం 1992లో కొలంబస్ దినం బదులు ఆదివాసీల దినం జరిపింది. వెనిజులా 2002లో ఆ రోజును ఆదివాసీ ప్రతిఘటన దినంగా మార్చింది. అది సరైన పనే అని మా అభిప్రాయం.

కొలంబస్‌ను పుస్తకంలోంచి తీసేయమని మేము అనడం లేదు. పాఠంలో ఉండనివ్వండి. ఆయన పక్కనే గ్వాకనగరీ పేరు, గ్వానహాని పేరు కూడా ఉండాలి. పండుగ మాత్రం వద్దు.